రాడార్ తెర మీది నలుపును ‘తెరిపి’ అనవచ్చా?

ప్రశ్న: విమానాల్లో ఉండే వాతావరణ రాడార్ గురించి ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. తెర మీద ఎర్రగా కనిపించే వాన వెనకాల ఒక్కోసారి నల్లటి ఖాళీ వస్తుందట. దాన్ని ‘తెరిపి’ అని రాశాను. సరిపోతుందాండీ?

జవాబు: వద్దండీ. వాన తెరిపిచ్చింది అంటే గొడుగు లేకుండా బయటికి వెళ్లొచ్చని మనకు అర్థమవుతుంది. ఆ నలుపు వైపు మాత్రం విమానం వెళ్లకూడదు.

కారణం చెబుతాను. విమానం ముక్కులోని రాడార్ సుమారు 3 సెంటీమీటర్ల తరంగాలను పంపి, వాన చినుకులకు తగిలి తిరిగొచ్చిన వాటిని పట్టుకుంటుంది. ఉత్త మబ్బు, పొగమంచు దానికి దాదాపు కనబడవు. పలచటి వానకు ఆకుపచ్చ, ఇంకాస్త గట్టి వానకు పసుపు, కుండపోతకు ఎరుపు. ఆ కుండపోతలోనే తరంగాల బలం చాలావరకు హరించుకుపోతుంది. అవతలికి దాటేదే కొంచెం, అక్కణ్ణుంచి మళ్లీ అదే వానలోంచి తిరిగి రావాలి. అందుకని వెనకాల వడగళ్లు దంచుతున్నా తెర మీద ఏమీ ఉండదు.

1977 ఏప్రిల్ 4న అమెరికాలో సదరన్ ఎయిర్‌వేస్ 242 విమానం హంట్స్‌విల్ నుంచి అట్లాంటా వెళ్తూ ఇలాంటి గాలివానలోనే చిక్కుకుంది. రాడార్ చూసుకుంటూ సందు దొరికిందనుకుని దూరారు. నీళ్లు, వడగళ్లు మింగి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. జార్జియాలోని న్యూ హోప్ దగ్గర రోడ్డు మీద దించబోతే కూలిపోయింది, 70 మందికి పైగా పోయారు. గాలివానలోంచి దారి వెతకడానికి రాడార్‌ను నమ్ముకోవడం కూడా ఒక కారణమని దర్యాప్తు తేల్చింది. ఆ రాడార్ ఉన్నది గాలివానను తప్పించుకుని చుట్టూ తిరిగి పోవడానికి.

నన్నడిగితే ‘వాన చాటు’ అనండి. కొండ చాటున, తలుపు చాటున అన్నప్పుడు అక్కడ ఏదో ఉండొచ్చు, మనకు కనబడటం లేదు అనే కదా అనుకుంటాం. ఇక్కడ కావలసింది సరిగ్గా ఆ అర్థమే.

మరొకరు: వర్షచ్ఛాయ ఉంది కదా, అదే పద్ధతిలో ‘రాడార్ ఛాయ’ అంటే?

జవాబు: వినడానికి బాగుంది కానీ నాకు భయం. అనంతపురం వర్షచ్ఛాయ ప్రాంతం అని బళ్లో చదువుకున్నవాళ్లం. ఛాయ అనగానే వాన పడని చోటు గుర్తొస్తుంది, మళ్లీ తెరిపి దగ్గరికే వచ్చినట్టు.

ప్రశ్న అడిగినవారు: చాటు నచ్చింది, మార్చేస్తాను. మరి అది చాటో, నిజంగా వాన లేని చోటో పైలట్‌కు ఎలా తెలుస్తుంది? వ్యాసంలో ‘టిల్ట్’ అని ఏదో ఉంది, దాన్ని ‘వంపు’ అన్నాను.

జవాబు: టిల్ట్‌ను అలాగే ఉంచండి, వంపు అంటే రోడ్డు మలుపులా వినిపిస్తుంది. మొదటిసారి వచ్చిన చోట ‘యాంటెన్నాను పైకీ కిందికీ వంచడం’ అని విప్పి చెబితే చాలు. మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. టిల్ట్ కాస్త కిందికి దించితే నేల కూడా తెర మీదికి వస్తుంది. వానకు అటూ ఇటూ నేల కనిపిస్తూ, సరిగ్గా ఎరుపు వెనకాల మాత్రం నేల లేకుండా నల్లగా ఉంటే అది చాటు. మరీ పైకి పెడితే ఇంకో చిక్కు. గాలివాన తలభాగంలో ఉండేది ఎక్కువగా పొడి మంచుపలుకులు, వాటినుంచి తరంగాలు సరిగా తిరిగిరావు. కింద ఎర్రగా ఉండాల్సిన వాన పైన ఆకుపచ్చగా కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. టిల్ట్‌లో ఒక్క డిగ్రీ తేడా 60 నాటికల్ మైళ్ల దూరంలో సుమారు 6,000 అడుగుల ఎత్తు తేడా అవుతుంది. ఈ లెక్క మీ వ్యాసంలో లేకపోతే తప్పకుండా చేర్చండి.