పట్టా పెద్దకొడుకు పేరున ఉంటే పొలమంతా అతనిదేనా?

ప్రశ్న: పర్లాకిమిడి జమీందారీలో 1932లో జిరాయితీ (శాశ్వత సాగు హక్కున్న) రైతు పోయాడు. ముగ్గురు కొడుకులున్నా పట్టా పెద్దవాడి పేరునే మారింది. తమ్ముళ్లకు, పోయిన రైతు భార్యకు ఏం దక్కినట్టు?

జవాబు 1: పట్టా చూసి హక్కు తేల్చకండి. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో చెప్పే కాగితం అది. 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం ప్రకారం జిరాయితీ హక్కు వారసులకు వచ్చేది. ఎవరికి ఎంతన్నది మితాక్షర అనే హిందూ ధర్మశాస్త్ర గ్రంథం చెప్పేది. పిత్రార్జితమైతే కొడుకులకు పుట్టుకతోనే వాటా. తండ్రి ఉండగా పంచితే ఆయనతో కలిపి తలా నాలుగో వంతు, పోయాక కొడుకులకు తలా మూడో వంతు. పెద్దవాడు ఇంటి యజమానిగా సంతకం పెట్టాడంతే. తల్లికి అప్పట్లో మనోవర్తి (పోషణ ఖర్చు), ఆడపిల్లలకు పెళ్లి ఖర్చు.

జవాబు 2: కొడుకులు లేకుండా, ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడిన రైతు పోతేనే అసలు చిక్కు. 1956కు ముందు పొలం భార్యకు వచ్చేది, కానీ ఆమె బతికున్నంతకాలమే. అమ్మాలంటే తగిన అవసరం ఉండాల్సి వచ్చేది. అందుకే పాత దస్తావేజుల్లో ‘భర్త అప్పు, శిస్తు బకాయి, కర్మకాండ’ అని రాసుకునేవారు. రాసినంత మాత్రాన సరిపోయేది కాదు, కొన్నవాడు ఆ అవసరం నిజమేనా అని విచారించి ఉండాల్సింది. లేకుంటే ఆమె పోయిన 12 ఏళ్లలోపు భర్త వారసులు దావా వేసి పొలం రాబట్టుకోగలిగేవారు. పాపం, ఆ భయంతో వితంతువుల పొలానికి సరైన ధర పలికేది కాదు.

ప్రశ్న: వితంతువులకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చిన 1937 చట్టం ఆ తల్లికి పనికిరాదా?

జవాబు 1: రాదండీ. అది వచ్చేసరికే భర్త పోయాడు. పైగా 1941లో ఫెడరల్ కోర్టు వ్యవసాయ భూమికి అది వర్తించదంది. పంపకం నోటిమాటగా జరిగిందేమో ముందు చూడండి, అదీ చెల్లుతుంది. కాగితం మీదే పంచుకుని, ఆస్తి 100 రూపాయలు, ఆపైన అయితే మాత్రం రిజిస్ట్రీ తప్పనిసరి.