కారు అమ్మేవాళ్లు చెప్పేది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

బోడుప్పల్ టీచర్:

నమస్కారం అండి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఇంట్లో ఇదే మొదటి కారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, బస్సు ఎక్కలేరు, ప్రతి నెలా నిమ్స్‌కు తీసుకెళ్లాలి. చేతిలో రెండు లక్షలు ఉన్నాయి. మిగతాది లోన్ తీసుకోవాలి.

షోరూమ్‌లో 1,197 సీసీ పెట్రోల్ కారు చూశాం. అన్నీ కలిపి ఎనిమిది లక్షలకు కాస్త అటూ ఇటూ. కొటేషన్‌లో ఇన్సూరెన్స్ 47,000, హ్యాండ్లింగ్ చార్జీలు 8,500, ఏదో కిట్ పేరుతో 14,000 వేశారు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటానంటే "అప్పుడు మా వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ (రిపేరు డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా కట్టడం) కుదరదు మేడమ్, వారంటీకి కూడా ఇబ్బంది" అన్నాడు. లోన్ వాళ్లే ఇప్పిస్తారట, వడ్డీ 7 శాతం. మా బ్యాంకు 9 శాతం అంటోంది. ఆఫర్ ఈ సాయంత్రం వరకే అని పొద్దున్నుంచి ఫోన్లు చేస్తున్నాడు.

నాగోలు దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కూడా ఒకటి చూశాం. 2019 మోడల్, 38,000 కిలోమీటర్లు తిరిగింది. ఓనరు ఒక్కరే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఒక్కటీ లేదు అంటున్నాడు. ధర 4.75 లక్షలు.

ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. సెకండ్ హ్యాండ్ దుకాణం ఆయన నాన్నగారికి కుర్చీ వేయించి టీ కూడా తెప్పించాడు. మనిషిని చూసి ఏమీ తేల్చుకోలేకపోతున్నాను. మోసం చేసేవాడిని ఎలా గుర్తుపట్టాలి?


మలక్‌పేట సర్వేయర్:

అమ్మా, ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దెబ్బతిన్న బండ్లు చూసి నష్టం లెక్క కట్టడం నా వృత్తి. ఇప్పుడు రిటైరయ్యాను. ముఖం చూసి మోసం కనిపెట్టడం ఎవరి వల్లా కాదు, ఆ ప్రయత్నమే మానుకోండి. టీ తెప్పించడం తప్పూ కాదు, నిజాయతీకి రుజువూ కాదు. నోటితో చెప్పిన ప్రతి మాటనూ కాగితం మీద చూపించమనండి. నిజం చెప్పినవాడు వెతికి తెచ్చి చూపిస్తాడు. చూపించడానికి కాగితం లేనివాడు మాట మారుస్తాడు, లేదా "మా మీద నమ్మకం లేదా అమ్మా" అని నొచ్చుకుంటాడు. ఆ నొచ్చుకోవడం చూసి మనం మొహమాటపడతాం. దుకాణాల్లో సగం బేరాలు ఆ మొహమాటం మీదే తెగుతాయి.

మీ 2019 బండి సంగతే చూద్దాం. "ఓనరు ఒక్కరే, క్లెయిమ్ లేదు" అన్నాడు కదా. ఆ రెండు మాటలకూ సాక్ష్యం ఒకే కాగితంలో ఉంటుంది. ప్రస్తుత ఇన్సూరెన్స్ పాలసీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండో ఏడాదికి 25, తర్వాత 35, 45, ఐదేళ్లు నిండితే 50. ఒక్క క్లెయిమ్ చేసినా మామూలుగా సున్నాకు పడిపోతుంది. ఈ బోనస్ బండిది కాదు, ఓనరుది. బండి చేతులు మారితే కొత్త ఓనరుకు రాదు. కాబట్టి 2019లో కొని, ఒకే మనిషి నడిపి, క్లెయిమే చేయని బండికి ఇప్పుడు 50 శాతం కనిపించాలి. 20 అనో సున్నా అనో ఉంటే రెండు మాటల్లో ఒకటైనా అబద్ధం అయి ఉండవచ్చు, లేదా పాలసీ గడువు దాటి 90 రోజులకు పైగా కట్టకుండా వదిలేసి ఉండవచ్చు. ఏది జరిగిందో అతన్నే చెప్పనివ్వండి. మీరు మధ్యలో మాట అందించకండి.

తర్వాత నీటి సంగతి. 2020 అక్టోబర్ వానలకు మన హైదరాబాద్‌లోనే కార్లు వీధుల్లో కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో బండ్లు మునిగాయి. బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. కంపెనీ ఓనరుకు డబ్బు ఇచ్చేస్తుంది, బండిని తుక్కు కొనేవాళ్లు తీసుకుంటారు. వాటిలో కొన్ని కడిగి, సీటు కవర్లు మార్చి, మళ్లీ రోడ్డు మీదికి వస్తాయి. పైన మెరుస్తూనే ఉంటాయి. అందుకని డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా, ఇక రాదు అన్నంతవరకు లాగండి. రోజూ వాడే పైభాగం శుభ్రంగా ఉండి, చుట్టలో దాగి ఉండే చివరి భాగంలో మట్టిరంగు గీత కనిపిస్తే నీరు అక్కడిదాకా వచ్చిందన్నమాట. బెల్టు మార్చడం ఖర్చు కాబట్టి చాలామంది మార్చరు. సీటును ముందుకు జరిపి దాని పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. డిక్కీలో స్టెప్నీ తీయించి ఆ గుంతలో వేలితో రాసి చూడండి. కారు లోపల అగరుబత్తి, సెంటు ఘాటుగా కొడుతుంటే అద్దాలు మూయించి, ఏసీ వేయించి పది నిమిషాలు లోపలే కూర్చోండి. తడి ముక్కవాసన ఉంటే అప్పటికి బయటపడుతుంది.

బానెట్ ఎత్తి, ముందు చక్రాల మీద ఉండే రేకులను (ఫెండర్లను) పట్టి ఉంచే బోల్టుల తలలు కూడా చూడండి. వాటి మీద రంగు చెక్కుకుపోయి ఉంటే ఎవరో పానా వేశారు. ఎందుకని అడగండి.

టైర్ల మీద చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. 38,000 తిరిగిన బండికి టైర్లు పాతవే ఉండాలి, లేదా ఇప్పుడిప్పుడే మార్చి ఉండాలి. నాలుగూ 2022 నాటివై, అవి కూడా అరిగిపోయి ఉంటే మీటరు చెప్పేది నమ్మకండి. ఓనరు చేత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీసుల చరిత్ర తీయించమనండి. ప్రతి సర్వీసుకూ మీటరు రీడింగ్ రాసి ఉంటుంది, అది వెనక్కి నడవదు.


కూకట్‌పల్లి వాసి:

సర్వేయర్ గారు చెప్పినవన్నీ ఒక టీచరమ్మ చూడగలరా అండి? తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే సరిపోతుంది. ఇంత అనుమానంతో వెళ్తే ఏ బండీ కొనలేం.


మలక్‌పేట సర్వేయర్:

మెకానిక్‌ను తప్పకుండా తీసుకెళ్లాలి, కానీ మీరు డబ్బు ఇచ్చే మెకానిక్‌నే. దుకాణం వాళ్లు "పక్కనే మా వాడు ఉన్నాడు, చూపించుకోండి" అంటే వద్దనండి. బేరం కుదిరితే అతనికీ వాటా ముట్టే అలవాటు ఉంది. సీటు బెల్టు లాగడానికి మెకానిక్ అక్కర్లేదు, లెక్కలు చెప్పే అమ్మాయికి బోనస్ పట్టిక చదవడం కష్టమూ కాదు. మనల్ని మనం చేతకానివాళ్లం అనుకుంటే అమ్మేవాడికి అంతకన్నా కావలసింది ఉండదు.

అనుమానం అన్నారు కాబట్టి ఇంకో మాట. పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలని కేంద్రం నిబంధన తెచ్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఫారం 29బి అంటారు. ఓనరు బండిని వ్యాపారికి అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేయాలి. ఈ రెండూ అడగడం అనుమానించడం కాదు, కొనేవారి హక్కు. బండిని కొత్త ఓనరు పేరు మీదికి మార్చే ఫారం 29, 30 ఖాళీగా ఉంచి వాటి మీద పాత ఓనరు సంతకాలు పెట్టించి దగ్గర ఉంచుకుని "ట్రాన్స్‌ఫర్ తర్వాత చూసుకుందాం" అనే చోట రూపాయి కూడా ఇవ్వకండి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే లోన్ తీరినట్లు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. పెండింగ్ చలాన్లు ట్రాఫిక్ పోలీసుల వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే వస్తాయి.


షోరూమ్ ఉద్యోగిని:

అక్కా, నేను ఒక షోరూమ్‌లో సేల్స్‌లోనే ఉన్నాను, ఏ కంపెనీయో చెప్పను. కారు అమ్మితే మాకు మిగిలేది తక్కువ. ఇన్సెంటివ్ ఎక్కువగా ఇన్సూరెన్స్, లోన్, యాక్సెసరీస్ మీద వస్తుంది. అందుకే మైలేజీ గురించి నిజం చెప్పే మనిషి కూడా ఆ మూడు దగ్గరకు వచ్చేసరికి తడబడతాడు. నెలాఖరున టార్గెట్ ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు, అయినా మీకు చెప్పిన మాటలు తప్పు.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలని బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది. క్యాష్‌లెస్ అనేది ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ వర్క్‌షాప్‌తో ఒప్పందం ఉందా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. వారంటీకీ దీనికీ సంబంధం లేదు. 1,000 నుంచి 1,500 సీసీ కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి) ప్రీమియం 2022 జూన్ పట్టిక ప్రకారం 10,640 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అది ఎక్కడ తీసుకున్నా ఒకటే. తేడా అంతా సొంత నష్టం భాగంలోనూ అదనపు కవర్లలోనూ ఉంటుంది. 47,000ను విడగొట్టి రాసివ్వమని అడగండి, అదే బండి విలువకు, అవే కవర్లకు బయట కొటేషన్ తీసి పక్కన పెట్టండి.

ఇక 7 శాతం. అది ఫ్లాట్ వడ్డీయా (అసలు తీరుతున్నా మొదటి మొత్తం మీదే చివరిదాకా లెక్కకట్టేది), తగ్గే అసలు మీద వడ్డీయా అని అడిగారా? ఆరు లక్షలు, ఐదేళ్లు, 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,10,000, నెల కిస్తీ 13,500. మీ బ్యాంకు 9 శాతం తగ్గే అసలు మీద అయితే కిస్తీ 12,455 దగ్గర తేలుతుంది. అంటే తక్కువగా కనిపించిన 7 శాతానికి ఐదేళ్లలో దాదాపు 62,700 ఎక్కువ కడతారు. ఆ ఫ్లాట్ 7 నిజానికి 12.5 శాతంతో సమానం. శాతం వదిలేసి కిస్తీ ఎంత, ఎన్ని నెలలు, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని మాత్రమే అడగండి.

డిస్కౌంట్ అంటే దేని మీదో చూడండి. నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ దాటని పెట్రోల్ కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధర చూపించి ఆ తగ్గింపును షోరూమ్ ఇచ్చే ఆఫర్‌గా చెప్పేవాళ్లు ఉన్నారు. కంపెనీ వెబ్‌సైట్‌లో హైదరాబాద్ ఎక్స్ షోరూమ్ ధర చూసి వెళ్లండి.

బుక్ చేసేముందు చాసిస్ నంబరు ఇవ్వమనండి. చాలా కంపెనీల నంబర్లలో పదో అక్షరం తయారీ సంవత్సరం. ఆర్ అయితే 2024, ఎస్ అయితే 2025, టీ అయితే 2026. నిరుటి స్టాకు తీసుకోవడం తప్పేమీ కాదు, కానీ తగ్గింపు బాగా రావాలి, ఆ సంగతి ముందే చెప్పాలి. హ్యాండ్లింగ్ చార్జీ, కిట్ వద్దని రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. మాట కంటే మెయిల్‌కు మా మేనేజర్లు ఎక్కువ భయపడతారు. అడ్వాన్స్ షోరూమ్ ఖాతాకే కట్టండి, సేల్స్‌మన్ ఫోన్ నంబరుకు పంపవద్దు.


బోడుప్పల్ టీచర్:

అందరికీ ధన్యవాదాలు. షోరూమ్ అబ్బాయికి ఫోన్ చేసి వడ్డీ ఫ్లాటా అని అడిగితే ఒక నిమిషం ఆగి "అవును మేడమ్, అన్నిచోట్లా అంతే" అన్నాడు. ఇన్సూరెన్స్ విడిగా రాసి పంపమన్నాను. ఆఫర్‌ను రేపటిదాకా పొడిగించారట.

నాగోలు ఆయన్ని పాలసీ అడిగితే ఓనరు దగ్గర పోయిందన్నాడు. ఎన్‌ఓసీ మాత్రం ఉందట. ఇప్పుడేం చేయాలి సర్వేయర్ గారూ?


మలక్‌పేట సర్వేయర్:

పాలసీ పోవడం పెద్ద విషయం కాదమ్మా. ఓనరు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే కాపీని మెయిల్‌లో పంపుతారు. ఆ మెయిల్ మీకు పంపమనండి. ఓనరు ఫోన్ నంబరు కూడా ఇవ్వలేనంటే ఆ బండిని వదిలేయండి, 2019 మోడళ్లు ఈ నగరంలో చాలానే ఉన్నాయి. టోకెన్ అడ్వాన్స్ ఏమైనా ఇచ్చారా? ఇచ్చి ఉంటే రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. తిరిగి ఇవ్వడానికి సతాయిస్తే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేయించండి.


బోడుప్పల్ టీచర్:

ఇవ్వలేదండి. రేపు స్కూలు అయ్యాక మా బ్యాంకుకు వెళ్లి 9 శాతం లోన్ కాగితాలు తెచ్చుకుంటున్నాను. కారు ఆ తర్వాత చూస్తాను.