పది నిమిషాలకే ఆగిపోతున్న బోటు ఇంజిన్

తడ_పడవ: అన్నలూ, మాది పడవ వెనక తగిలించే 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. భీములవారిపాలెంలో బయల్దేరి ఇరకం వైపు పోతుంటే పది నిమిషాలకే ఆగిపోతోంది. కాసేపాగి తాడు లాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇంజిన్‌ను చల్లబరిచి బయటికొచ్చే నీళ్ల ధార కూడా సన్నబడింది. గేర్ ఆయిల్ దించితే పాలలా తెల్లగా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

సూళ్లూరుపేట_స్పానర్: ధార సన్నబడితే ముందు నడపడం ఆపు తమ్ముడూ. పులికాట్‌లో లోతు తక్కువ, నీళ్లతోపాటు బురదా లాగేస్తుంది. ధార వచ్చే రంధ్రంలో సన్నతీగ పెట్టి చూడు. అప్పటికీ రాకపోతే ఇంపెల్లర్, అదే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రం, మార్చు. పోయినేడు నేను పట్టించుకోలేదు, పిస్టన్ పట్టేసింది. ఆ సీజన్ వేటంతా పోయింది, ఇప్పటికీ బాధే.

పాత_సరంగు: ఇదంతా పెట్రోల్లో ఆయిల్ తక్కువ కలపడం వల్లే. ఐదు లీటర్లకు 200 మి.లీ. పోయండి. 30 ఏళ్లుగా నేను పోస్తున్నది అంతే.

తిరుపతి_మెరైన్: పెద్దాయనా, అది కొత్త ఇంజిన్‌ను మొదట్లో మెల్లగా నడిపి అలవాటు చేసేటప్పటి లెక్క. ఆ తర్వాత ఇప్పటి ఇంజిన్లు చాలావాటికి 50:1, అంటే ఐదు లీటర్లకు 100 మి.లీ. ఎక్కువైతే ప్లగ్ నల్లగా తడిసిపోతుంది. నా చేత్తో వందల ఇంజిన్లు విప్పాను, తెలిసే చెబుతున్నా.

పాత_సరంగు: విప్పడం వేరు, గాలివానలో దాన్ని నమ్ముకుని ఇంటికి రావడం వేరు. మా ఇంజిన్ పుస్తకంలోనే 25:1 అని ఉంది.

తిరుపతి_మెరైన్: మీ పుస్తకం మీ ఇంజిన్‌కు! ఆ అబ్బాయి ఇంజిన్ చూడకుండా 200 పోయమని ఎలా చెబుతారు? నష్టం ఎవరు భరిస్తారు?

చిత్తూరు_వల: ఆయిల్ సంగతి పక్కనపెట్టండి సామీ. ఇథనాల్ పెట్రోలు తేమ లాక్కుంటుంది. మా అన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం రెండు నెలలూ, ట్యాంకులో పెట్రోలు అట్లే వదిలేశాడు. కార్బొరేటర్ జెట్లన్నీ జిగురు పట్టాయి.

నాయుడుపేట_తెడ్డు: తమ్ముడూ, ఆగిపోయేటప్పుడు పెట్రోలు పైపు మీది రబ్బరు బల్బు చూశావా? లోపలికి నొక్కుకుపోయి ఉంటే ట్యాంకులోకి గాలి పోవడం లేదు, మూత మీది గాలి స్క్రూ తిప్పు. బల్బు పిసికితే ఇంజిన్ అందుకుంటే ఫ్యూయల్ పంపు చూడు, లేదంటే పైపులో గాలి చొరబడుతోంది.

తడ_పడవ: అన్నా, నీకు దండం! గాలి స్క్రూ బిగించి ఉంది, వదులు చేస్తే ఆగకుండా ఇరకం పోయి వచ్చాను. తీగ పెడితే ధార కూడా బలంగా వస్తోంది. గేర్ ఆయిల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాత_సరంగు: గేరులోకి నీళ్లు దిగాయి నాయనా, సీలు పోయింది. నీళ్లలో తిరిగే ఫ్యాను విప్పి షాఫ్టు చుట్టూ చూడు, వల దారం చుట్టుకుని సీలు కోసుంటుంది. సీలు మార్చి కొత్త ఆయిల్ పోసేదాకా నీళ్లలో దించొద్దు.