అపాచీ సోలర్ క్లస్టర్‌లో 503: "నో సర్వర్స్ హోస్టింగ్ షార్డ్" అంటోంది, సాయం చేయండి

కోట గుమ్మం:
విజయనగరంలో చిన్న ఆఫీసు మాది, పాత తెలుగు పత్రికల స్కాన్లు వెతికే సైటుని సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ మీద నడుపుతున్నాం. మూడు మెషీన్లు, రెండు షార్డులు (ఇండెక్స్ ముక్కలు), ఒక్కోదానికి ఒకటే కాపీ. సాయంత్రం ఇండెక్సింగ్ మొదలెట్టిన పది నిమిషాలకే అందరికీ 503 (సర్వీసు అందుబాటులో లేదనే ఎర్రర్) వస్తోంది, సర్వరేమో ఆన్‌లోనే ఉంది, పింగ్ కూడా వెళ్తోంది. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఎక్కడ చూడాలండీ?

నాగావళి ఒడ్డు:
టెన్షన్ పడకండి. ఆన్‌లో ఉండడం వేరు, జూకీపర్ (ఏ మెషీన్ పనిచేస్తోందో చూసుకునే ప్రోగ్రాం) లెక్కలో బతికి ఉండడం వేరు. హీప్ (సోలర్ నడిచే జావాకి ఇచ్చిన మెమరీ) ఎంత? మార్చకపోతే 512 ఎంబీనే ఉంటుంది, అది నిండితే జావా వెంటవెంటనే ఫుల్ జీసీలు (వాడని మెమరీని ఖాళీ చేసే పని) చేస్తూ ఆగిపోతుంది, ఈలోపు జూకీపర్ సెషన్ గడువు దాటి లైవ్ నోడ్స్ (బతికున్న మెషీన్ల జాబితా) లోంచి ఆ నోడ్ పోతుంది. జీసీ లాగ్, సోలర్ లాగ్ పక్కపక్కన పెట్టి టైము చూడండి.

కోట గుమ్మం:
దొరికిందండీ! 7:42కి జీసీ మొదలైంది, 7:43కి సెషన్ ఎక్స్‌పైర్డ్. హీప్ 512నే.

బొబ్బిలి వీణ:
4 జీబీ చేసి చూడండి, ర్యామ్ అంతా మాత్రం ఇచ్చేయొద్దు, ఇండెక్స్ ఫైళ్ల క్యాష్ కోసం ఓఎస్‌కి మిగలాలి. ఈ రాత్రే ప్రతి షార్డుకీ వేరే మెషీన్‌లో రెండో రెప్లికా (కాపీ) పెట్టేయండి, ఒక్క కాపీతో నడపడం నాకైతే భయం. అప్పటిదాకా వెతికే క్వెరీలో షార్డ్స్.టాలరెంట్ అనే సెట్టింగ్ ట్రూ పెడితే దొరికినంతవరకైనా ఫలితాలు వస్తాయి.