విద్యకు, యూదు సేవకు నిధులిచ్చే కుటుంబ ఫౌండేషన్లు: గ్రాంటు అడిగినవారు అనుభవం చెప్పండి

ఎడిసన్ వలంటీరు:
న్యూజెర్సీలో బడి విడిచాక పిల్లలకు లెక్కలు, చదవడం నేర్పే చిన్న సంస్థ మాది. పన్ను మినహాయింపు ఉన్న దాతృత్వ సంస్థగా 501(సి)(3) గుర్తింపు ఉంది. దగ్గర్లోని ఒక కుటుంబ ఫౌండేషన్ విద్యకు, యూదు సమాజానికి సాయం చేస్తుందట. వెబ్‌సైటులో దరఖాస్తు ఊసే లేదు. మా పిల్లల్లో యూదులు లేరు. అడగవచ్చా?

చికాగో తెలుగు:
ముందు వారి 990-పీఎఫ్ తీయండి. ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు సమర్పించే రిటర్ను అది. ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వారి నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ముందే ఎంచుకున్న సంస్థలకే ఇస్తామని చెప్పే గడి ఒకటి ఉంటుంది. అక్కడ టిక్కు ఉంటే, బోర్డులో తెలిసినవారు లేకుండా ఉత్తరం రాయడం వృథా. ఖాళీగా ఉంటే ఎవరికి రాయాలో, గడువు ఎప్పుడో, ఏ పరిమితులున్నాయో దాని కిందే ఉంటాయి.

అసలు సంగతంతా గ్రాంట్ల పట్టికలో ఉంటుంది. వారు విద్యకని ఇచ్చేది యూదు డే స్కూలుకా (మామూలు చదువుతో పాటు యూదు మతవిద్య నేర్పే బడి), ఊరి లైబ్రరీకా, తాము చదివిన విశ్వవిద్యాలయానికా అన్నది అక్కడ బయటపడుతుంది. మూడు నాలుగేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చదవండి. కొత్త పేరు ఒక్కటీ కనిపించకపోతే వేరే ఫౌండేషన్ చూసుకోవడం మేలు.

సియాటిల్ శారద:
నేను ఒక యూదు పాఠశాలలో నిధుల సేకరణ విభాగంలో పనిచేస్తున్నాను. అన్ని ఫౌండేషన్లనూ ఒకే గాటన కట్టకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని జిమ్ జోసెఫ్ ఫౌండేషన్ పనే యూదు విద్య; లెక్కల ట్యూషన్‌కు వారిని అడగడంలో అర్థం లేదు. డే స్కూళ్లకు పెద్ద అండగా నిలిచిన ‘అవి ఛాయ్’ అనే ఫౌండేషన్ ఉత్తర అమెరికాలో 2019తో గ్రాంట్లు ముగించింది. పాత జాబితాలు నమ్ముకోవద్దు.

మీకు లేని యూదు సంబంధాన్ని ఉత్తరంలోకి లాక్కురావద్దు, చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ అవసరమూ లేదు. సియర్స్ అనే పెద్ద అమెరికా వ్యాపార సంస్థ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ యూదుడే. 1912 నుంచి 1932 వరకు అమెరికా దక్షిణాదిన నల్లజాతి పిల్లలకు దాదాపు 5,000 బడులు లేచింది ఆయన సాయంతోనే. అయితే ఊరివారూ తమ వంతు వేయాలి, ప్రభుత్వమూ కలవాలి అన్నది ఆయన షరతు. మీ పిల్లల తల్లిదండ్రులు ఏం ఇస్తున్నారో, డబ్బు కాకపోతే ఎంత సమయం ఇస్తున్నారో తప్పక రాయండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో రోష్ హషానా, యోమ్ కిప్పూర్, సుక్కోత్ అనే యూదు పండుగలు వరుసగా వస్తాయి. జవాబు ఆలస్యమైందని ఆ రోజుల్లో గుర్తుచేయవద్దు. శుక్రవారం సాయంత్రం వారి విశ్రాంతి దినం సబ్బాతు మొదలవుతుంది, అప్పుడు ఫోను అసలే వద్దు.

చేబ్రోలు మాస్టారు:
మా దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదు సమాజపు కుటుంబాలున్నాయి, వారికి సొంత ప్రార్థన మందిరం ఉంది. అలాంటి చోట పిల్లల చదువుకు ఇక్కడి సంస్థ నేరుగా అమెరికా ఫౌండేషన్‌ను అడగవచ్చునా అండీ?

హైదరాబాద్ ఆడిటర్:
అడగవచ్చు మాస్టారూ, కానీ విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క డాలరు తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల కోసం కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. కొత్త సంస్థ అయితే ఫలానా దాత, ఫలానా పని అని చూపి ముందస్తు అనుమతి కోరవచ్చు. 2020 సవరణ తర్వాత డబ్బు ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. వేరే సంస్థ తీసుకుని మీకు అందించే దారి కూడా మూసేశారు. అటు అమెరికాలోనూ విదేశీ సంస్థకు ఇస్తే లెక్కల బాధ్యత ఫౌండేషన్‌ మీద పడుతుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే కుటుంబ ఫౌండేషన్లు అందుకే వెనకాడతాయి.

ఎడిసన్ వలంటీరు:
పట్టికలు చూశాను. గడి ఖాళీగానే ఉంది! డే స్కూళ్ల పేర్ల మధ్య పక్క ఊరి లైబ్రరీ పఠన కార్యక్రమం కూడా ఉంది. శారద గారూ, మా ఏడాది ఖర్చు మొత్తం అడగవచ్చా?

సియాటిల్ శారద:
వద్దండీ. ఆ లైబ్రరీకి ఎంత ఇచ్చారో చూసి ఆ స్థాయిలోనే అడగండి. రెండు పేజీలు దాటవద్దు. ఆ డబ్బుతో ఎంతమంది పిల్లలు, వారానికి ఎన్ని గంటలు చదువుకుంటారో మొదటి పేరాలోనే చెప్పండి. లైబ్రరీవారు మీకు తెలిసినవారైతే, పంపేముందు వారితో ఒకసారి మాట్లాడండి.