ఆటలో విండోలు ఎన్ని తెరవాలి, ఎక్కడ పెట్టాలి: తేల్చాల్సింది ఆటగాడా, డిజైనరా?

రైలుబాట:

రైళ్లు, బస్సులు నడిపి డబ్బు సంపాదించే ఓపెన్‌టీటీడీ ఆడేవాళ్లకు ఇది రోజూ కనిపించేదే. స్టేషన్ మీద నొక్కితే ఒక విండో. అక్కడికి వచ్చే రైళ్ల జాబితాకు ఇంకో విండో. జాబితాలో ఒక రైలును నొక్కితే మరొకటి, దాని ఆర్డర్లకు (ఎక్కడెక్కడికి వెళ్లాలో చెప్పే జాబితాకు) వేరే. అరగంట ఆడేసరికి విండోల కింద మ్యాప్ దాదాపు కనుమరుగు అవుతుంది. అయినా నాకు ఈ పద్ధతే కావాలి, ఎందుకో చెబుతాను.

ఒకే గని నుంచి రెండు రైళ్లు బొగ్గు మోస్తున్నాయి. ఒకటి లాభంలో ఉంది, రెండోది నష్టంలో. కారణం పట్టుకోవాలంటే రెండింటి ఆర్డర్లు, రెండింటి లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్కసారికి ఒక్క ప్యానెలే తెరిచే ఆటలో మొదటి రైలు అంకెలు గుర్తుపెట్టుకుని, అది మూసి, రెండోది తెరవాలి. మూడో అంకె దగ్గరికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతాను. నా బుర్ర మోయాల్సిన బరువును తెర మోస్తే తప్పేముంది?

క్రిస్ సాయర్ చేసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ 1994 నాటిది. దాని దారిలో 2004లో ఓపెన్‌టీటీడీ వచ్చింది. ఇందులో కావాల్సిన విండోకు పిన్ను గుచ్చి పెట్టుకోవచ్చు. డిలీట్ కీ నొక్కితే పిన్ను లేనివన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. షిఫ్ట్ కూడా కలిపి నొక్కితే పిన్ను ఉన్నవీ పోతాయి. తెర నిండిపోయిందన్న టెన్షన్ ఒక్క కీతో తీరుతుంది.

ఇప్పుడు చాలా ఆటల్లో రెండో ప్యానెల్ తెరిస్తే మొదటిది దానంతటదే మూసుకుంటోంది. ఇది ఆటగాడి చేతిలోని పనిముట్టు లాక్కోవడమే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఒకేతెర:

రైలుబాట గారూ, మీరు నిదానంగా సాగే ఆట గురించి మాట్లాడుతున్నారు. వెంటపడి కొట్టే ఆట సంగతి చూడండి.

మొదటి డయాబ్లోలో పాత్ర వివరాలు ఎడమవైపు, ఇన్వెంటరీ (దగ్గరున్న సామాన్ల సంచీ) కుడివైపు తెరుచుకునేవి. తెర వెడల్పు 640 పిక్సెళ్లు, ఒక్కో ప్యానెల్‌కు సరిగ్గా సగం. రెండూ తెరిస్తే యుద్ధం జరిగే చోటు పూర్తిగా మూసుకుపోతుంది. ఆ సంగతి ఆడేవాడికి తెలుసు. ఒకటి తెరిస్తే సగం చూపు పోతుందని కూడా తెలుసు. ప్రతి వస్తువు ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి వారం రోజులకు కళ్లు వెతకడం మానేస్తాయి, చెయ్యే వెళ్లిపోతుంది. విండోలను ఇష్టమొచ్చినట్టు జరపనిస్తే ఆ అలవాటు ఎప్పటికీ కుదరదు.

నాకు జరిగింది చెబుతాను. ఒక ఆన్‌లైన్ ఆటలో సంచీ విండో చివరిసారి ఎక్కడ వదిలానో అక్కడే తెరుచుకుంది. అది సరిగ్గా నా ప్రాణం చూపించే గీత మీద. మందు కోసం సంచీలో వెతుకుతున్నాను. గీత అడుగంటిందని నాకు తెలియలేదు. చనిపోయాను. జట్టులో మిగతా నలుగురి గంట శ్రమ పోయింది. విండో అక్కడ పెట్టింది నేనే, నిజమే. కానీ పెట్టనిచ్చింది ఆట.

2020లో వచ్చిన, రాజవంశాన్ని నడిపే ఆట క్రూసేడర్ కింగ్స్ 3 చూడండి. వివరణ పెట్టెలో ఒక పదం మీద కర్సర్ పెడితే దానికి ఇంకో వివరణ, అందులోని పదానికి మరొకటి తెరుచుకుంటాయి. కర్సర్ తీసేస్తే అన్నీ మాయమవుతాయి. మూయాల్సింది ఏదీ ఉండదు. అంత సమాచారం ఉన్న ఆటలో ఇది చేయగలిగారంటే విండోల గుంపు అక్కర్లేదనే కదా.

రైలుబాట:

కర్సర్ తీయగానే మాయమయ్యేదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా? ఒక పదానికి అర్థం చెప్పడానికి అది చాలా బాగుంది. రెండు రైళ్లలో ఏది అమ్మాలో తేల్చుకోవడానికి పనికిరాదు.

హీలర్‌అక్క:

మీ ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలను ఒకే పేరుతో పిలుస్తున్నారు, గొడవ అక్కడే ఉంది.

నేను 15 ఏళ్లుగా రెయిడ్‌లలో (చాలామంది జట్టుగా పెద్ద శత్రువుతో చేసే పోరాటాల్లో) హీలర్‌ని, అంటే జట్టు గాయాలు మాన్పేదాన్ని. నా ఆటంతా జట్టు ప్రాణాల గీతల మీదే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఆ గీతలు మొదట్లో తెరకు ఒక మూల ఉండేవి, బాస్ (ఆ పెద్ద శత్రువు) తొక్కే నేల మాత్రం తెర మధ్యలో. కళ్లు రెండు చోట్ల ఉండలేవు. అందుకే లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన యాడాన్లు (ఆటకు తగిలించే చిన్న ప్రోగ్రాములు) వేసుకుని గీతలను మధ్యకు దగ్గరగా తెచ్చుకునేవాళ్లం. 2022 అక్టోబరులో, డ్రాగన్‌ఫ్లైట్ అనే కొత్త భాగానికి ముందు వచ్చిన అప్‌డేట్‌తో తెర మీది భాగాలను జరుపుకునే ఎడిట్ మోడ్ ఆటలోనే వచ్చింది. ఫైనల్ ఫాంటసీ 14లో ఇలాంటి అమరికలు నాలుగు దాచుకుని మార్చుకోవచ్చు.

ప్రాణాల గీతల లాంటివాటిని నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. తెరిచి మూసేవి కావు. సంచీ, క్వెస్ట్ జాబితా (ఆటలో చేయాల్సిన పనుల పట్టీ), మ్యాప్ లాంటివి తెరిచి పని చూసుకుని మూసేసేవి. మొదటి రకం నా ఇష్టానికి వదిలేయాలి, ఎందుకంటే నా పని ఏమిటో డిజైనర్‌కు తెలియదు. హీలర్ చూసేది వేరు, ముందుండి దెబ్బలు తినే ట్యాంక్ చూసేది వేరు. రెండో రకాన్ని డిజైనర్ ఒక చోట కట్టిపడేసినా నాకు అభ్యంతరం లేదు. ఒకేతెర గారూ, మీ ప్రాణం తీసింది రెండో రకం వచ్చి మొదటిదాని మీద కూర్చోవడం. ఆ ఒక్కదాన్ని ఆట ఆపితే చాలు, జరిపే స్వేచ్ఛ మొత్తం తీసేయక్కర్లేదు.

చిన్నతెర:

మీ ముగ్గురి దగ్గరా పెద్ద మానిటర్ ఉన్నట్టుంది. నేను స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని ఆడే చిన్న కంప్యూటర్) మీద ఆడతాను. మొదటి మోడల్, ఏడు అంగుళాల తెర, 1280×800. అంటే పది లక్షల పిక్సెళ్లు. 1920×1080లో ఇరవై లక్షలు ఉంటాయి. అక్కడ మూడు విండోలు పట్టే చోట నాకు ఒకటిన్నర పడుతుంది. మౌస్ కూడా లేదు. జాయ్‌స్టిక్ లాంటి కర్రతో కర్సర్‌ను తోసుకుంటూ విండో అంచు పట్టుకుని లాగడం ఎంత విసుగో ఒక్కసారి ప్రయత్నించండి.

అసలు చిక్కు ఇంకొకటి. చాలా ఆటలు విండో ఎక్కడ ఉందో పిక్సెళ్ల లెక్కలో దాచుకుంటాయి. డెస్క్‌టాప్ మీద కుడి అంచున, 1600వ పిక్సెల్ దగ్గర పెట్టిన చాట్ డెక్‌లో తెర బయట తెరుచుకుంటుంది. తెరిచే ఉంటుంది, కనిపించదు. అదే "కుడి అంచు నుంచి ఇంత దూరం" అని దాచుకుంటే ఏ తెర మీదైనా సరిగ్గా వస్తుంది. అక్షరాలు పెద్దవి చేసుకునేవాళ్లకూ ఇదే బాధ. సైజు పెంచగానే ప్యానెళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. స్వేచ్ఛ ఇచ్చే ముందు ఈ పని చేయాలి. చేయలేకపోతే ఒక్క ప్యానెలే నయం.

ఒకేతెర:

హీలర్‌అక్క చేసిన తేడా నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. అయినా ఎస్కేప్ కీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగు విండోలు తెరిచి ఉన్నాయి, శత్రువు మీద పడ్డాడు. ఎస్కేప్ ఒక్కో నొక్కుకు ఒక్కోటి మూస్తే నాలుగు సార్లు నొక్కాలి. కంగారులో ఐదోసారి నొక్కితే మెనూ వచ్చి తెర మధ్యలో నిలబడుతుంది. ఆన్‌లైన్ ఆటలో మెనూ తెరిస్తే కాలం ఆగదు. ఒక్క ప్యానెల్ ఉన్న ఆటలో ఒక్క నొక్కు చాలు.

రైలుబాట:

మీరు చెప్పిన కాలం మాట దగ్గరే మనం మొదలుపెట్టి ఉండాల్సింది. కాలం ఆపుకోగలిగే ఆటలో విండోలు ఎన్ని ఉన్నా ప్రాణం పోదు. ఆగని చోట ప్రతి విండోకూ వెల ఉంటుంది. 2008 నాటి డెడ్ స్పేస్‌లో ఇన్వెంటరీ తెరిచినా ఆట ఆగదు, అది భయం కోసం కావాలని చేసిన పని. అలాంటి ఆటలో నేనూ ఒక్క ప్యానెలే అడుగుతాను.

కానీ అంతరిక్ష నౌకల ఆట ఈవ్ ఆన్‌లైన్‌లోనూ కాలం ఆగదు, 2003 నుంచీ అది విండోల మీదే నడుస్తోంది. అక్కడ ఒక విండోను తెచ్చి ఇంకోదాని మీద వదిలితే రెండూ ట్యాబులుగా కలిసిపోతాయి, అమరిక కుదిరాక కదలకుండా లాక్ చేసుకోవచ్చు. ఒకేతెర గారూ, మీరు అడిగిన స్థిరత్వం ఇదే కదా? ఎక్కడ ఉండాలో నిర్ణయించింది మాత్రం ఆడేవాడు.

చిన్నతెర గారి మాటకు నా దగ్గర జవాబు లేదు. అంచు నుంచి కొలిచి దాచుకోవాలన్నది నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఒకేతెర:

లాక్ సరే. కానీ ఈవ్‌లో కొత్తగా చేరినవాడు ఆ అమరిక కుదుర్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆ రోజుల్లోనే ఎంతమంది ఆట వదిలేసి వెళ్లిపోతారు? మొదటి రోజు తెర ఎలా ఉండాలో డిజైనర్ చక్కగా పేర్చి ఇవ్వాలి, లాక్ వేసి ఇవ్వాలి. లాక్ తీసేయాలనుకున్నవాడు తీసేస్తాడు. అంతవరకు వస్తాను, అంతకు మించి రాను.

హీలర్‌అక్క:

లాక్ వేసి ఇవ్వండి, తాళం చెవి సెట్టింగుల్లో ఏడో పేజీలో దాచకండి. ఇంకొకటి. నేను ఆడే ఒక ఆటలో అప్‌డేట్ వచ్చిన రాత్రి నా అమరిక మొత్తం చెరిగిపోయింది. అరగంటలో రెయిడ్. అన్నీ మళ్లీ పేర్చుకుంటుంటే 20 మంది నా కోసం ఎదురుచూశారు. అమరికను ఫైల్‌గా బయటకు తీసి దాచుకునే వీలు ఉంటే రెండు నిమిషాల పని. డిజైనర్ కట్టినదైనా నేను కట్టుకున్నదైనా, రేపు లేవగానే అక్కడే ఉండాలి కదా.