‘క్యాన్సర్ జన్యువుల నియంత్రణ’: ఇక్కడ ఈ మాట సరిపోతుందా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల ప్యాపిలోమా వైరస్ గురించి తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ‘మానవ కణాల్లో వైరస్ క్యాన్సర్ జన్యువుల నియంత్రణ’ అని పేరు పెట్టాను. చదివినవాళ్లు ‘అయితే ఆ జన్యువుల్ని ఆపే మందు వచ్చిందా?’ అని అడుగుతున్నారు. రెగ్యులేషన్‌కి పుస్తకాల్లో నియంత్రణ అనే ఉంది. ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.

— వాళ్లు అలా అడగడం సహజమేనండీ. దోమల నియంత్రణ, జనాభా నియంత్రణ, ధరల నియంత్రణ... అన్నిచోట్లా తగ్గించడమనే అర్థమే. పక్కన క్యాన్సర్ అనే మాట కూడా ఉంటే ఇంకోలా ఎలా అనుకుంటారు? మీ పాఠంలో విషయం మాత్రం దాదాపు తలకిందులు. ఈ వైరస్ డీఎన్‌ఏ సుమారు 8,000 అక్షర జతల చిన్న వలయం. అందులో ఏ ప్రోటీనుకూ సంకేతం కాని ఒక భాగం ఉంది. మన కణంలోని ఏపీ-1, ఎస్‌పీ1 లాంటి ప్రోటీన్లు అక్కడికి వచ్చి అతుక్కుంటేనే ఇ6, ఇ7 అనే వైరస్ జన్యువులు (మీరు క్యాన్సర్ జన్యువులన్నవి ఇవే) పనిచేస్తాయి. అంటే వాటిని నడిపించేది మన కణమే! అణిచి ఉంచేదేమో వైరస్ సొంత ప్రోటీను ఇ2. ఈ రెండూ కలిస్తేనే రెగ్యులేషన్.

— నియంత్రణను వదిలేయక్కర్లేదని నా అభిప్రాయం. సంస్కృతంలో ‘నియంత’ అంటే రథసారథి అనే అర్థం కూడా ఉంది. సారథి పగ్గాలు బిగించడమే కాదు, అవసరమైతే వదులుతాడు కూడా. మాటలో ఆ రెండో అర్థానికీ చోటుంది.

— మీరు చెప్పింది బాగుంది. కానీ ఇవాళ తెలుగులో నియంత అంటే డిక్టేటరే కదండీ. వ్యుత్పత్తి ఎంత అందంగా ఉన్నా, చదివేవాళ్ల మనసులో లేని అర్థం పాఠంలో పలకదు. శీర్షికలో ‘ఎలా పనిచేస్తాయి, ఏవి అణిచి ఉంచుతాయి’ అని విప్పి చెప్పడమే మేలు. అణిచే పనికి మాత్రం మనకు ‘అదుపు’ ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో చాలావాటిలో వైరస్ వలయం తెగి మన క్రోమోజోములో కలిసిపోయి ఉంటుంది. ఆ తెగడం తరచూ ఇ2 జన్యువు దగ్గరే. ఇ2 లేకపోతే ఇ6, ఇ7 అదుపు తప్పుతాయి. ఇ6 వల్ల మన కణంలోని పీ53 అనే ప్రోటీను నాశనమవుతుంది, ఇ7 ఆర్‌బీ ప్రోటీనును పనిచేయనివ్వదు. కణ విభజనకు పగ్గం వేసే ముఖ్యమైన ప్రోటీన్లు ఆ రెండూ. ‘డీరెగ్యులేషన్’కి అపనియంత్రణ, వినియంత్రణ అని ఎవరెన్ని కొత్తమాటలు కట్టినా, ‘అదుపు తప్పడం’ అన్నంత సూటిగా ఏదీ ఉండదు. దీన్ని వదులుకోవద్దు.

— దీనికి మంచి ఉదాహరణ హీలా కణాలు. 1951లో హెన్రియెటా లాక్స్ అనే అమెరికా మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి తీసి, అప్పటి నుంచీ ప్రయోగశాలల్లో పెంచుతున్న ఆ కణాల్లో 18వ రకం ప్యాపిలోమా వైరస్ డీఎన్‌ఏ ఉంది. ప్రయోగశాలలో వాటిలోకి ఇ2ను మళ్లీ పంపితే ఇ6, ఇ7 అణగిపోతాయి, కణాల పెరుగుదల ఆగుతుంది. అన్నేళ్లుగా విభజన చెందుతున్న కణాలు కూడా ఆ రెండు జన్యువుల మీదే ఆధారపడి ఉన్నాయన్నమాట. పాఠంలో ఇది తప్పకుండా పెట్టండి.

— నాకు ‘క్యాన్సర్ జన్యువులు’ అన్న మాట మీదే అభ్యంతరం. అవి క్యాన్సర్ కోసం పుట్టినవి కావు. చర్మం పైపొరల్లో విభజన మానేసిన కణాన్ని మళ్లీ డీఎన్‌ఏ తయారీకి దించడానికి వైరస్‌కి అవి కావాలి. క్యాన్సర్‌గా మారిన కణంలో కొత్త వైరస్ తయారవదు, దాని వంశం అక్కడితో సరి. ‘క్యాన్సర్‌కు దారితీయగల జన్యువులు’ అంటే కొంచెం పొడుగైనా నిజం.

— అందరికీ ధన్యవాదాలండీ. శీర్షిక ఇలా మారుస్తున్నాను: ‘ప్యాపిలోమా వైరస్ జన్యువులు మన కణాల్లో ఎలా పనిచేస్తాయి, ఎప్పుడు అదుపు తప్పుతాయి’. లోపల ఒకచోట ‘నియంత్రణ’ ఉంచి, పెంచడం, తగ్గించడం రెండూ అని పక్కనే రాస్తాను. పరీక్షల్లో పిల్లలకు ఆ మాటే ఎదురవుతుంది కదా.